హంతకుడి పేరు చెప్పకుండా

(గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక సాయంత్రం మా శాఖా గ్రంథాలయంలో జరిగిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని ఎక్కించాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రండమ్మా, రండి.

నన్ను డిటెక్టివ్ నవలల గురించి మాట్లాడమన్నారు. లైబ్రరీలో, మైకు పెట్టి, డిటెక్టివ్ నవలల గురించి! మా నాన్నగారు ఉంటే ఈ మాట నమ్మేవారు కాదు. అసలు నాకిచ్చిన విషయం ఇంకాస్త ఇరుకైనది. పెద్దగా పేరు లేని రచయితలు రాసిన థ్రిల్లర్లు, అపరాధ పరిశోధన నవలలు, దెయ్యాల నవలలు ఉంటాయి కదా, వాటిని సమీక్షించడం ఎలా? ఈ మధ్య మన ఊళ్లో నలుగురైదుగురు పిల్లలు పుస్తకాల మీద రాయడం మొదలుపెట్టారు. వాళ్ల కోసమే ఈ మాటలు. మిగతావాళ్లు కూడా వినండి, మీరూ చదివేవాళ్లే కదా.

మాది బెజవాడ, సత్యనారాయణపురం. మా వీధి చివర అద్దె పుస్తకాల షాపు ఉండేది. షాపంటే షాపు కాదు, తలుపంత వెడల్పు, లోపల ఒక మనిషి, చుట్టూ పుస్తకాలు. ఆడపిల్లలు అక్కడ నిలబడి పుస్తకాలు ఎంచుకోవడం ఆ రోజుల్లో బాగుండదనేవారు. అందుకని మా తమ్ముణ్ణి పంపేదాన్ని. వాడికి నవల పేరు చెబితే మరిచిపోతాడని చీటీ రాసిచ్చేదాన్ని. ఒకసారి వాడు తెచ్చిన పాకెట్ సైజు నవలకి చివరి ఫారం లేదు. పదహారు పేజీలు ఊడిపోయాయి. ఇల్లంతా అనుమానంతో నిండిపోయినట్టు ఉంది కథ, ఎవరు చంపారో తెలిసే చోట పుస్తకం అయిపోయింది. నేనూ, మా తమ్ముడూ, పక్కింటి అక్కయ్యా కూర్చుని మూడు రోజులు వాదించుకున్నాం. నేను మేనేజరన్నాను. అక్కయ్య రెండో భార్య అంది. మా తమ్ముడు డాక్టరన్నాడు. ఎవరి ఆధారాలు వాళ్లకున్నాయి. పేజీ నెంబర్లు చెప్పి మరీ వాదించుకున్నాం.

చాలా ఏళ్లకి, ఉద్యోగంలో చేరాక, అదే నవల నిండుగా ఉన్న కాపీ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల దగ్గర దొరికింది. అక్కడే నిలబడి చివరి పేజీలు తిప్పాను. హంతకుడెవరో తెలుసా? అంతవరకు కథలో లేనివాడు. ఆఖరి అధ్యాయంలో సింగపూర్ నుంచి దిగాడు. అంటే మేం ముగ్గురం మూడు రోజులు కాదు, మూడేళ్లు కూర్చున్నా కనుక్కోలేం. కోపం కాదు, బాధనిపించింది నాకు. మేం అంత శ్రద్ధగా చదివాం, ఆ శ్రద్ధని రచయిత పట్టించుకోలేదే అని.

ఆ రోజు నాకొక సంగతి అర్థమైంది. ఈ రకం పుస్తకాన్ని చదివేవాడు ఊరికే చదవడు, పనిచేస్తాడు. లెక్క కడుతుంటాడు, గుర్తుపెట్టుకుంటుంటాడు. రచయిత ఆ పనికి కూలి ఇచ్చాడా, ఎగ్గొట్టాడా? సమీక్షకుడు మొట్టమొదట చూడాల్సింది ఇదే. భాషా, శైలీ, సామాజిక దృక్పథమూ అన్నీ చూద్దాం, తర్వాత చూద్దాం. ముందు ఇది చూడాలి. ఇంగ్లండులో రోనాల్డ్ నాక్స్ అని ఒక మతాచార్యుడు, తనే డిటెక్టివ్ నవలలు రాసేవాడు, 1929లో ఈ నవలలకి పది నియమాలు రాశాడు. అందులో మొదటిదే ఇది: నేరం చేసినవాడు కథ మొదట్లోనే కనబడాలి. మాకు సత్యనారాయణపురంలో ఆయన పేరు తెలియదు. మాకు తెలిసింది ఊడిపోయిన ఫారమే. కానీ తేలింది మాత్రం అదే సంగతి.

ఇక మన దగ్గరికి వద్దాం. తెలుగులో ఈ సాహిత్యం ఎంత ఉంది? కొవ్వలి లక్ష్మీనరసింహారావు గారు వెయ్యి నవలలు రాశారు. వెయ్యి! రైళ్లలో, స్టేషన్లలో అమ్ముడుపోయాయి అవి. చదవడం అప్పుడే నేర్చుకున్న ఎంతమంది ఆడవాళ్లు ఆయన పుస్తకాలతో చదువరులయ్యారో. ఆ తర్వాత కొమ్మూరి సాంబశివరావు గారు. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు అంటే ఇక్కడ కనీసం పదిమంది ముఖాలు వెలుగుతున్నాయి, నాకు కనబడుతోంది! టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్. తర్వాత మధుబాబు గారి షాడో. ఆరుద్ర గారంతటి కవి, సమగ్రాంధ్ర సాహిత్యం రాసిన మనిషి, డిటెక్టివ్ నవలలు రాశారు, ఆ సంగతి దాచుకోలేదు కూడా.

మరి వీటి మీద సమీక్షలేవి? ఆ రోజుల్లో వచ్చినవి వచ్చినట్టు సమీక్షించిన పేజీలేవి? పత్రికల్లో ఒక అలవాటు ఉంది, మీకు తెలుసు. సమీక్షకు రెండు ప్రతులు పంపాలి. కవిత్వం పంపేవారు, కథా సంపుటాలు పంపేవారు, పరిశోధన గ్రంథాలు పంపేవారు. నెలకో నవల రాసి పాకెట్ సైజులో అచ్చేయించుకున్నవాడు రెండు ప్రతులు పంపేవాడా? పంపినా ఎవరు తెరిచేవారు? అది చదువుకునే పుస్తకం, మాట్లాడుకునే పుస్తకం కాదని అందరం ఒప్పేసుకున్నాం. లక్షలమంది చదివారు, నలుగురు కూడా రాయలేదు. దాంతో ఏమైంది? కొమ్మూరి గారి పేరు నిలబడింది. ఆయన పక్కన అదే కాగితం మీద, అదే సైజులో, అదే షాపులో ఉన్న మరో యాభైమంది పేర్లు పోయాయి. అందులో మంచివాళ్లు లేరా? ఉన్నారు, నేను చదివాను. కానీ నా దగ్గర పుస్తకాలు లేవు, ఎక్కడా రాసి ఉన్న మాటా లేదు. నేను చెబితే మీరు నమ్మాలి, అంతే.

అమెరికాలో ఈ విషయంలో ఒక మనిషి ఉన్నాడు, ఆయన గురించి చెప్పకుండా ఉండలేను. ఆంథొనీ బౌచర్. 1951 నుంచి 1968లో చనిపోయేదాకా న్యూయార్క్ టైమ్స్‌లో నేర సాహిత్యం మీద శీర్షిక రాశాడు. అక్కడ కూడా మనలాగే చవక పుస్తకాలుండేవి, మందుల షాపుల్లో ఇనప స్టాండులో పెట్టి అమ్మేవాళ్లు. గట్టి అట్ట వేసిన పుస్తకానికే సమీక్ష అనుకునే రోజుల్లో ఆయన ఆ స్టాండులో పుస్తకాలు చదివి, బాగున్నవాటిని బాగున్నాయని పెద్ద పత్రికలో రాశాడు. ఆయన పేరు మీద 1970 నుంచి నేర సాహిత్యం చదివేవాళ్లూ రాసేవాళ్లూ కలిసే పెద్ద సభ జరుగుతోంది, బౌచర్‌కాన్ అంటారు. రచయిత పేరు మీద కాదండీ, ప్రధానంగా ఒక సమీక్షకుడి పేరు మీద! ఇంకో సంగతి. అర్జెంటీనా మహా రచయిత బోర్హెస్ కథని మొదటిసారి ఇంగ్లీషులోకి తెచ్చింది కూడా ఈయనే, 1948లో, అదీ ఒక డిటెక్టివ్ కథల పత్రికలో. చవక పుస్తకాలు చదివితే అభిరుచి పాడవుతుందనేవాళ్లకి ఈయన్ని చూపించండి.

అదే అమెరికాలో ఎడ్మండ్ విల్సన్ అని చాలా పెద్ద విమర్శకుడు. 1944, 45లో డిటెక్టివ్ నవలలు ఎందుకు చదువుతారో నాకు అర్థం కాలేదని ఒకసారి రాశాడు, జనం ఉత్తరాలు గుప్పిస్తే, వాళ్లు చెప్పినవి చదివి, ఇప్పటికీ అర్థం కాలేదని రెండోసారి రాశాడు. విల్సన్ తక్కువవాడు కాదు. కానీ బియ్యం కొలిచే శేరు పట్టుకుని గుడ్డ కొలవడానికి వెళ్లాడు. మన విమర్శకులు చాలామంది అలా వెళ్లను కూడా వెళ్లలేదు.

సరే, ఇప్పుడు పరిస్థితి మారింది. మూడొందల కాపీలు సొంతంగా అచ్చేయించుకుంటున్నారు కుర్రవాళ్లు. ఫోన్లో చదివే నవలలు వస్తున్నాయి. పుస్తకం పట్టుకొచ్చి, అమ్మా, మీ అభిప్రాయం రాయండి అంటారు. మనమేం రాస్తాం? నేను కొన్ని వాక్యాలు చదువుతాను, ఎక్కడివో మీకే తెలుస్తుంది. "ఆద్యంతం ఉత్కంఠభరితంగా సాగుతుంది." "ఏకబిగిన చదివిస్తుంది." "ముఖచిత్రం ఆకర్షణీయంగా ఉంది." "అక్కడక్కడ అచ్చుతప్పులు నివారించి ఉంటే బాగుండేది." "ఈ రచయిత కలం నుంచి మరిన్ని రచనలు రావాలని ఆకాంక్షిద్దాం." ఇవి ఏ పుస్తకం గురించి? ఏ పుస్తకం గురించైనా! ముందుమాట, వెనక అట్ట చూసి రాసేయొచ్చు. ఇలాంటిది రాసినవాడు ఆ పుస్తకం చదవలేదని రచయితకి తెలుస్తుంది. తెలిసి కూడా దండం పెట్టి వెళ్తాడు, ఏం చేస్తాడు పాపం. చెడ్డ సమీక్ష కంటే ఇది ఎక్కువ గాయం.

కొత్తవాడు కదా, ప్రోత్సహించాలి అంటారు. నేనొప్పుకోను. ప్రోత్సాహం పేరుతో మనం చేస్తున్నది తప్పించుకోవడం. వాడు రెండేళ్లు కూర్చుని రాశాడు. మనం రెండు రోజులు కూర్చోలేమా? వాడికి కావలసింది జాలి కాదు. 88వ పేజీలో వాడు వేసిన ముడి ఎవరో ఒకరు చూశారని తెలియడం.

88 అని ఊరికే అనలేదు. ఆ కథ చెబుతాను.

కొన్నేళ్ల క్రితం డెల్టా కుర్రవాడొకడు రొయ్యల చెరువుల మీద నవల రాశాడు. పేరు చెప్పను, చెబితే కథ తెలిసిపోతుంది. చెరువు కాపలా మనిషి రాత్రి చనిపోతాడు. ప్రమాదమని పంచనామా రాసేస్తారు. కాపలా మనిషి భార్య ఒక్కతే ఒప్పుకోదు. తెల్లారగట్ల తను వచ్చేసరికి రొయ్యలు గట్టు వారకి చేరి ఉన్నాయి, అంటే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు రాత్రి తిరగలేదు, రిజిస్టర్లో తిరిగాయని రాసింది తప్పు, అంటుంది. అక్కడినుంచి కథ మలుపు తిరుగుతుంది. నేను ఒక చిన్న పత్రికకి సమీక్ష రాశాను. ఏమని రాశాను? "రొయ్యలు గట్టు దగ్గరికి రావడాన్ని బట్టి రాత్రి ఏం జరిగిందో తేల్చడం నమ్మశక్యంగా లేదు" అని రాశాను. చాలా ధీమాగా రాశాను.

వారం తిరక్కుండా ఒక రైతు ఉత్తరం వచ్చింది పత్రికకి. ఆయన కోప్పడలేదు, వివరించాడు. పగలు ఎండకి నీళ్లలో పాచి ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి అది ఆగిపోతుంది, పైగా పాచీ, రొయ్యా అన్నీ కలిసి ఉన్న ఆక్సిజన్ వాడేసుకుంటాయి. అందుకని తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఏరియేటర్ తిరక్కపోతే అప్పుడు రొయ్యలు పైకి తేలతాయి, గట్టు వారకి చేరతాయి. రొయ్యల రైతుకి ఆ దృశ్యం అంటే వణుకు. లక్షల రూపాయలు కళ్లముందు పోతున్నట్టు. అంటే ఏమిటి? ఆ నవల మొత్తంలో ఉత్తమమైన ఆధారం అదే. చెరువు గట్టు మీద బతికినవాడికి తప్ప ఇంకెవరికీ తట్టని ఆధారం. దాన్నే నేను లోపమని రాశాను!

తర్వాతి సంచికలో నా పేరుతోనే దిద్దుబాటు వేయించాను. ఆ అబ్బాయికి ఫోన్ చేసి క్షమించమన్నాను. వాడేమన్నాడో తెలుసా? "అలా అనకండమ్మా. మీరు 88వ పేజీ దాకా వచ్చారు. ఆ మాట రాసినవాళ్లు ఇంకెవరూ లేరు" అన్నాడు.

అప్పటినుంచి నేను ఒక అలవాటు చేసుకున్నాను. ఇది నమ్మేలా లేదు అని రాయబోయే ముందు, అది తెలిసిన మనిషిని ఒకరిని అడుగుతాను. తప్పనిసరిగా అడుగుతాను. పేరు లేని రచయితలు చాలామంది ఉద్యోగాల్లో, పనుల్లో ఉన్నవాళ్లు. లారీ ఆఫీసులో గుమాస్తా, కరెంటు లైన్‌మన్, ఆస్పత్రిలో నర్సు, కోర్టులో టైపిస్టు. పెద్ద రచయిత ఇంటర్నెట్లో వెతికి తెలుసుకునేది వీళ్లకి చేతివేళ్ల మీద ఉంటుంది. వీళ్ల బలమే అది. ఆ బలం మనకి కనబడకపోతే, మనకేమీ కనబడనట్టే.

అలాగని అన్నీ వదిలేయమని కాదు. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేశాను. పాత డిటెక్టివ్ నవలల్లో హీరో మద్రాసుకి ట్రంక్ కాల్, అంటే ఆపరేటరు కలిపే దూరపు ఊరి ఫోను, అడుగుతాడు, వెంటనే హలో అంటుంది అవతలి గొంతు. నైట్ డ్యూటీలో ఆ నవలలు చదువుతూ మేం ఆపరేటర్లం ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లం. ఆర్డినరీ కాల్ బుక్ చేసుకుని గంటలు గంటలు కూర్చున్న జనం మాకు తెలుసు. లైట్నింగ్ కాల్ అని ఒకటుండేది, రేటు ఎక్కువ, అది త్వరగా కలిపేవాళ్లం. పాపం ఆ రచయిత "లైట్నింగ్ కాల్" అని ఒక్క మాట రాస్తే సరిపోయేది! ఆ ఒక్క మాటతో హీరో తొందరా తెలిసేది, జేబులో డబ్బున్న సంగతీ తెలిసేది.

ఈనాటి నవలల్లో కూడా ఇలాంటివి చూడండి. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టగానే క్లోరోఫాంతో మనిషి పడిపోతాడు. పడడండీ, నిమిషాలు పడుతుంది, అంతసేపు ఆ మనిషి ఊరుకుంటాడా? రివాల్వర్‌కి సైలెన్సర్ బిగిస్తారు. మామూలు రివాల్వర్లో గుళ్ల చక్రానికీ గొట్టానికీ మధ్య సందు ఉంటుంది, చప్పుడు అక్కడినుంచి వస్తుంది, ముందు ఏం బిగించినా పెద్దగా లాభం లేదు. హత్య జరిగిన మర్నాడు పొద్దున్నే ఫోరెన్సిక్ రిపోర్టు బల్ల మీద ఉంటుంది. ఏ పోలీస్ స్టేషన్లోనైనా కాగితాలు రాసే రైటర్ని అడగండి, ఏమంటాడో.

చట్టం సంగతి కొంచెం జాగ్రత్తగా చూడండి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకి ఇదివరకు సెక్షన్ 302, ఇప్పుడు 103. కథ 2025లో జరుగుతోందని రచయితే చెప్పి, ఎఫ్.ఐ.ఆర్.లో 302 అని రాయిస్తే అది తప్పు, రాయండి. కానీ అదే కథలో హెడ్ కానిస్టేబుల్ టీ తాగుతూ "ఇది త్రీ నాట్ టూ కేసు సార్" అంటే? అది తప్పు కాదు. ముప్ఫై ఏళ్లు నోట్లో నానిన అంకె ఒక్క రోజులో పోతుందా? అది పాత్ర నోరు, మంచి చెవి ఉన్న రచయిత కావాలనే అలా రాస్తాడు. ఈ రెంటికీ తేడా పట్టుకోవాలి. తప్పులు వెతకడం సులువు. ఏ తప్పు కథని పడగొట్టింది, ఏ తప్పు గోడ మీద సున్నం పెచ్చులాంటిది, అది చెప్పడంలో ఉంది కష్టమంతా. ట్రంక్ కాల్ వెంటనే కలిసినా ఆ నవల నిలబడుతుంది. హంతకుడు సింగపూర్ నుంచి దిగితే నిలబడదు.

ముందు వరసలో ఆ అమ్మాయి ఏదో అడగాలనుకుంటున్నట్టుంది. అడుగమ్మా. ఆ, కథ ఎంతవరకు చెప్పాలి అని. మంచి ప్రశ్న, ఈ పనిలో అసలు చిక్కు ఇదే.

మా షాపులో కొన్ని పుస్తకాల మొదటి పేజీలోనే ఎవరో పెన్సిలుతో హంతకుడి పేరు రాసేవారు. ఎంత క్రూరమండీ అది! నాలుగు రోజులు ఎదురుచూసి తెచ్చుకున్న పుస్తకం. సమీక్షకుడు ఆ పని చేయకూడదు, అందరికీ తెలుసు. కానీ పేరు చెప్పకుండానే చెప్పేసే దారులున్నాయి. "చివర్లో అనూహ్యమైన మలుపు ఉంది" అన్నామనుకోండి, చదివేవాడు ఇక మొదటినుంచీ అందర్నీ అనుమానిస్తూనే ఉంటాడు, మలుపు పోయింది. "ఫలానా పాత్రని రచయిత చాలా తెలివిగా మలిచాడు" అన్నా అంతే. ఒక చిన్న పాత్రకి మీరు రెండు వాక్యాలు కేటాయిస్తే తెలివైన పాఠకుడికి అర్థమైపోతుంది. నేను సాధారణంగా నాలుగో వంతు దాటి కథ చెప్పను. రెండొందల పేజీల నవలైతే యాభై పేజీల వరకు. ఆ తర్వాత కథ చెప్పను, రచయిత పనితనం గురించి చెబుతాను. ఆధారాలు కళ్లముందే పెట్టాడా? పెట్టి మన చూపు మళ్లించాడా? మళ్లించడానికి ఏం వాడాడు, హాస్యమా, తగాదానా, వంటింటి కబుర్లా? దీనికి హంతకుడి పేరుతో పని లేదు.

ముగింపే బాగాలేకపోతే? అప్పుడేం చేయాలి? చెప్పాలి. "హంతకుడు దొరికిన తీరు పాఠకుడి శ్రమకి న్యాయం చేయలేదు, ఆధారాల వల్ల కాకుండా పన్నెండు పేజీల ఒప్పుకోలు వల్ల తేలింది" అని రాయొచ్చు. ఎవరో చెప్పలేదు, ఏమిటో చెప్పలేదు, లోపం చెప్పాం. రొయ్యల నవలకి అసలు లోపం అదే. చివర పన్నెండు పేజీలు హంతకుడు నిలబడి తన కథంతా చెప్పుకుంటాడు. నా మొదటి సమీక్షలో ఇది రాయాల్సింది, అది వదిలి రొయ్యల మీద పడ్డాను.

ఇది రాయాలంటే రెండుసార్లు చదవాలి. తప్పదు. మొదటిసారి మామూలు మనిషిలా, పెన్సిలు లేకుండా, భోజనానికి పిలిచినా లేవకుండా చదవండి. ఆ ఆనందం పోగొట్టుకుంటే మీకు ఈ పుస్తకాల గురించి మాట్లాడే అర్హతే లేదు. ఎక్కడ విసుగొచ్చి పుస్తకం మూశారో మాత్రం గుర్తుపెట్టుకోండి. రెండోసారి పెన్సిలుతో చదవండి. హంతకుడు తెలుసు కదా, ఇప్పుడు వాడు వచ్చే ప్రతి సన్నివేశం చూడండి. ఒక తెల్ల కాగితం మీద ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎవరు ఎక్కడ అని రాసుకోండి. రైలు ఎన్నింటికి, కరెంటు పోయింది ఎన్నింటికి. మంచి నవలైతే రెండోసారి ఇంకా బాగుంటుంది. మొదటిసారి వంటింటి కబురనుకున్నది ఆధారమని తెలిసి ఒళ్లు ఝల్లుమంటుంది. ఓహో, ఇక్కడే పెట్టాడు, నా ముందే పెట్టాడు, అని. ఆ ఝల్లుమనడం ఉందే, దాని గురించి రాయండి సమీక్షలో. ఆ రచయితకి మీరివ్వగలిగినదానిలో అంతకన్నా పెద్దది లేదు.

సీరియల్‌గా వచ్చిన నవలైతే ఆ సంగతి తెలుసుకుని చదవండి. వారపత్రికలో వచ్చినదానికి వారం చివర ఒక కుదుపు ఉండాలి, లేకపోతే పాఠకుడు పై వారం కొనడు. పుస్తకంగా వేసేటప్పుడు ఆ కుదుపులు సర్దకపోతే ప్రతి పది పేజీలకీ తలుపు చప్పుడవుతుంది, తీస్తే పిల్లి. ఫోన్లలో వచ్చే నవలలకీ ఇదే జబ్బు. ఇది రచయిత చేతకానితనం కాదు, పుట్టిన చోటు లక్షణం. కానీ పుస్తకంగా డబ్బు తీసుకుంటున్నప్పుడు సర్దుకోవాల్సిన బాధ్యత వాడిదే.

ఇంకొక్క విషయం ఉంది, ఇది నాకు అన్నిటికంటే బరువైనది. దెయ్యాల నవలలు, చేతబడి నవలలు. 1980ల్లో యండమూరి వీరేంద్రనాథ్ గారితో ఈ తరహా తెలుగు వారపత్రికల్ని ఊపేసింది, ఆయన వెనక ఎంతోమంది రాశారు, ఇప్పటికీ రాస్తున్నారు. వీటి మీద సమీక్ష అంటే మనవాళ్లు రెండే మాటలంటారు. ఒకరు మూఢనమ్మకం పెంచుతోందంటారు. ఇంకొకరు, కథ కదండీ, కథలా చూడండి అంటారు. రెండూ చదవకుండా చెప్పగలిగే మాటలే.

నేను ఒక్కటే చూస్తాను. ఆ కథలో భయం ఎవరి ముఖం తొడుక్కుంది? దెయ్యం ఉందా లేదా అన్నది కాదు నా ప్రశ్న, కథలో దెయ్యం ఉండొచ్చు, ఉంటే నాకూ ఇష్టమే. కానీ చేతబడి చేసేది ఎవరు? ఊరి చివర ఒంటరిగా బతికే ముసలావిడేనా? పిల్లలు లేని ఆడదేనా? ఫలానా పేటవాళ్లేనా? మన రెండు రాష్ట్రాల్లో చేతబడి, బాణామతి అనే అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మీరందరూ చదివినవే. చచ్చిపోయినవాళ్లు ఎవరు? ఆ ఒంటరివాళ్లే. నవల కూడా వేలు వాళ్లవైపే చూపిస్తే, అది భయం పుట్టించడం కాదు, ఉన్న భయాన్ని ఉన్న దారిలోకే తోయడం. ఇది నీతి పాఠం కోసం చెప్పడం లేదు. కథగా కూడా అది బలహీనమే, ఎందుకంటే పాఠకుడు ముందే అనుమానించిన మనిషినే దోషిగా చూపిస్తే అందులో రచయిత కనిపెట్టిందేముంది? పేరున్నవాడైనా, పేరు లేనివాడైనా ఇక్కడ నేను మొహమాటపడను. చంపబడ్డ అమ్మాయి శరీరాన్ని రెండు పేజీలు వర్ణించి, ఆ అమ్మాయికి ఒక పేరు, ఒక ఉద్యోగం, ఒక స్నేహితురాలు కూడా ఇవ్వని నవలల దగ్గరా అంతే. రాస్తాను. పేజీ నెంబరుతో రాస్తాను.

పేజీ నెంబరు అన్నాను కదా, అది మరిచిపోకండి. పొగిడినా పేజీ నెంబరు వేయండి, తిట్టినా వేయండి. పెద్ద రచయిత మీద మీరు తప్పు రాస్తే పదిమంది లేచి దిద్దుతారు. వీళ్ల తరఫున లేచేవాడు లేడు. ఆ పుస్తకం మీద రాయబోయే ఒకే ఒక మనిషి మీరే కావచ్చు. మీరు రాసిందే ఆ పుస్తకానికి మిగిలే జ్ఞాపకం కావచ్చు. అందుకని పుస్తకం ఎవరు వేశారు, ఏ ఏడు, ఎన్ని పేజీలు, వెల ఎంత, ఎక్కడ దొరుకుతుంది, ఇవన్నీ రాయండి. మొదట ఏ పత్రికలో వచ్చిందో తెలిస్తే అదీ రాయండి. ఇందాక చెప్పాను కదా, పోయిన యాభైమంది గురించి. వాళ్లకి ఈ నాలుగు వరుసలు ఎవరైనా రాసి ఉంటే, ఈపాటికి నేను వెతికి పట్టుకునేదాన్ని.

టైమవుతోందని లైబ్రేరియన్ గారు చూస్తున్నారు. అయిపోయింది.

ఈ బల్ల మీద ఏడు నవలలు పెట్టాను చూడండి. ఏడుగురు రచయితలు, మీలో ఎవరూ వాళ్ల పేర్లు విని ఉండరు. నాలుగు థ్రిల్లర్లు, రెండు దెయ్యాల కథలు, ఒకటి ఏ రకమో మీరే చెప్పాలి. ఎవరైనా ఒకటి తీసుకెళ్లండి, రిజిస్టర్లో పేరు రాసి తీసుకెళ్లండి. నెల రోజులు టైము. రెండుసార్లు చదివి, రెండు పేజీలు రాసి, పుస్తకంతో పాటు ఇక్కడే ఇవ్వండి, నేను వచ్చి చదువుకుంటాను. ఆ నీలం అట్ట పుస్తకంలో కొన్ని చోట్ల నా పెన్సిలు గీతలున్నాయి. తీసుకెళ్లేవాళ్లు చూడకుండా ముందు ఎవరిచేతనైనా అవి చెరిపించండి, తర్వాత చదవండి.